చదువుటకు కన్నులే కావలెనా?

చదువు అనగానే మన మనస్సులో ఒక చిత్రము నిలుచును. ఒక దీపము, ఒక పుస్తకము, దానిపై వంగిన ఒక శిరస్సు. ఈ చిత్రము ఎంత బలముగా నాటుకొన్నదనగా, చూపు లేనివానికి చదువు కూడ లేనట్లేయని లోకము చాలకాలము తలచినది. కాని మన పూర్వుల విద్యను జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ అభిప్రాయము నిలువదు. వేదమునకు శ్రుతియని పేరు. అవధాని ఎదుట పుస్తకము ఉండదు. మదరసాలో బాలుడు ఉస్తాదు నోట విని, తిరిగి వల్లించి, కంఠస్థము చేయును. మన కళాశాలలో కలిసిన ఈ రెండు సంప్రదాయములలోను విద్యకు మొదటి వాకిలి చెవియే. కన్ను తరువాత వచ్చినది.

చరిత్రలో దీనికి గొప్ప నిదర్శనములు కలవు. 973లో సిరియా దేశమున జన్మించిన అబుల్ అలా అల్ మఅర్రీ బాల్యముననే మశూచి వలన చూపు కోల్పోయినాడు. అయినను అరబ్బీ సాహిత్యమున మహాకవిగా నిలిచినాడు. ఇరువదవ శతాబ్దమున ఈజిప్టు దేశపు తాహా హుసేన్ పసితనముననే అంధుడై, అల్ అజ్‌హర్‌లోను, పిదప ఫ్రాన్సులోను చదివి, 1950లో తన దేశమునకు విద్యామంత్రి అయినాడు. ఫ్రాన్సులో ఆయనకు గ్రంథములు చదివి వినిపించిన సుజాన్ అను యువతియే తరువాత ఆయన సహధర్మచారిణి అయినది. మేధకు కన్ను తప్పనిసరి కాదని చెప్పుటకు ఈ ఇద్దరి పేర్లు చాలును.

అయితే వీరి కథలో మనము సాధారణముగా గమనింపని విషయము ఒకటి ఉన్నది. వారు చదువుకొనుటకు ప్రక్కన మరియొకరి గొంతు ఉండవలసి వచ్చినది. ఆ గొంతు ఉన్నంతసేపే పుస్తకము ఉండును. అది అలసినచో పుస్తకము మూతపడును.

ఈ సంగతి మేము విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదువు దినములలో దగ్గరగా చూచినాము. మా వసతి గృహమున చూపులేని సహాధ్యాయి ఒకడు ఉండెడివాడు. మేము నలుగురము వంతులు వేసుకొని అతనికి ప్రబంధములు చదివి వినిపించెడివారము. నిజము చెప్పవలెనన్న, లాభము మాదే. బిగ్గరగా రెండుసార్లు చదివిన పద్యము మాకు మరి మరువరాలేదు. కాని ఒకనాటి రాత్రి అతడు ఒక మాట అన్నాడు. “మీరు చదివినది నాకు అర్థమగుచున్నది. కాని మూడు పుటల వెనుక ఉన్న మాట మరల చూడవలెనని అనిపించినప్పుడు మిమ్ములను లేపుటకు మనసు ఒప్పదు.” చదువరి అనువానికి పేజీ వెనుకకు త్రిప్పుకొను స్వేచ్ఛ ముఖ్యము. ఆగదలచిన చోట ఆగుట, నచ్చని చోట దాటిపోవుట, అర్ధరాత్రి లేచి ఒక వాక్యమును వెదకుకొనుట, ఇవన్నియు చదువులో భాగములే. దయగల మిత్రుడు పుస్తకమును ఇవ్వగలడు. ఈ స్వేచ్ఛను ఇవ్వలేడు.

ఆ స్వేచ్ఛను మొట్టమొదట సంపాదించి ఇచ్చినవాడు ఒక బాలుడు. లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సులోని కూవ్రే గ్రామమున జన్మించినాడు. తండ్రి గుఱ్ఱపు జీనులు, కళ్ళెములు తయారుచేయువాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిశాలలో ఆడుకొనుచుండగా తోలు కుట్టు ఆర కంటికి గ్రుచ్చుకొన్నది. ఆ గాయము చెడి రెండు కన్నులును పోయినవి. పారిస్ నగరమున అంధ బాలుర పాఠశాలలో చేరినాడు. అచ్చటి పుస్తకములలో మామూలు అక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చొత్తెడివారు. ఒక్కొక్క అక్షరమును వ్రేలితో తడిమి పోల్చుకొనుట మిక్కిలి కష్టము. వ్రాయుటకైతే వీలే లేదు. షార్ల్ బార్బియే అను సైనికాధికారి చీకటిలో చదువుటకై పన్నెండు చుక్కల పద్ధతి ఒకటి కల్పించినాడు. దానిని తెలుసుకొన్న లూయీ, అందలి చిక్కును కనిపెట్టినాడు. పన్నెండు చుక్కలు ఒక వ్రేలికొనకు ఒక్కసారిగా అందవు. వానిని ఆరింటికి తగ్గించి, 1824 నాటికి తన పదునైదవ ఏట ఈ లిపిని సిద్ధపరచినాడు. 1829లో దానిని ప్రకటించినాడు. 1852లో నలుబది మూడేండ్లకే మరణించినాడు. ఆయన చదివి, బోధించిన పాఠశాలయే ఆ లిపిని అధికారికముగా స్వీకరించుటకు మరి రెండేండ్లు పట్టినది.

ఆరు చుక్కలు, వానిని కూర్చగా అరువది మూడు రూపములు. ఇంతే ఆ లిపి సర్వస్వము. 1951లో భారతదేశపు భాషలన్నింటికి ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ ఏర్పడినది. ఇందులో ధ్వనికి ప్రాధాన్యము. ఒకే ధ్వనికి ఏ భాషలోనైనను ఇంచుమించు ఒకే చుక్కల కూర్పు. మన కళాశాల వంటి చోట ఈ సంగతి చెప్పుకొని మురియదగినది. తెలుగు ‘క’కును, ఉర్దూ ‘కాఫ్’కును ఒకటవ, మూడవ చుక్కలే. ‘ల’కును, ‘లామ్’కును ఒకటి, రెండు, మూడు. ‘మ’కును, ‘మీమ్’కును ఒకటి, మూడు, నాలుగు. అచ్చులో ఉర్దూ కుడినుండి ఎడమకు నడుచును, తెలుగు ఎడమనుండి కుడికి. బ్రెయిలీలో రెండును ఎడమనుండి కుడికే నడుచును. ఇంకొక విశేషము. బ్రెయిలీ పలకపై పుల్లతో గ్రుచ్చి వ్రాయునప్పుడు మాత్రము కుడినుండి ఎడమకు వ్రాయవలెను. కాగితమును త్రిప్పినచో చుక్కలు ఉబ్బెత్తుగా పైకి వచ్చి ఎడమనుండి కుడికి చదువ వీలగును. ఉర్దూ దారిన వ్రాసి తెలుగు దారిన చదువుట అన్నమాట! కన్నులున్న మనకు వేరువేరుగా కనుపించు రెండు లిపులు వ్రేలి కొనలకు ఒక్కటే అగుచున్నవి.

ఇంత చక్కని లిపికిని ఒక పరిమితి కలదు. చుక్కల పుస్తకమునకు దళసరి కాగితము కావలెను. మనము సంచిలో వేసుకొను ఒక పుస్తకము బ్రెయిలీలో అనేక సంపుటములగును. అచ్చువేయు ముద్రణాలయములు తక్కువ. డిగ్రీ తరగతుల తెలుగు పాఠ్యములు బ్రెయిలీలో దొరకుట అరుదు. అందువలననే చూపులేనివారు మరల మరియొకరి గొంతును ఆశ్రయించవలసి వచ్చెడిది. యంత్రమునకే గొంతు ఇచ్చినచో ఎట్లుండునన్న ఆలోచన ఇక్కడ పుట్టినది.

1976లో అమెరికాలో రేమండ్ కర్జ్‌వెయిల్ ముద్రిత పుటను చూచి బిగ్గరగా చదువు యంత్రమును ప్రపంచమునకు చూపినాడు. అది బట్టలుతుకు యంత్రమంత పెద్దది. సామాన్యుడు కొనగలిగినది కాదు. తరువాత కంప్యూటరు తెరపైనున్న అక్షరములను చదివి వినిపించు ‘స్క్రీన్ రీడర్’లు వచ్చినవి. కారు ప్రమాదములో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ 1989లో ‘జాస్’ అను దానిని తెచ్చినాడు. అదియు ఖరీదైనదే. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు ‘ఎన్.వి.డి.ఎ.’ను ప్రారంభించినాడు. దానికి వెల లేదు. ఎవరైనను ఉచితముగా తమ కంప్యూటరులో పెట్టుకొనవచ్చును. తెలుగును చదువగలదు. బ్రెయిలీనుండి కరన్ వరకు చూచినచో ఒక సత్యము తెలియును. ఈ సాధనములలో చాలవానిని కన్నులున్నవారు జాలిపడి ఇవ్వలేదు. అవసరము ఎరిగినవారు తామే నిర్మించుకొన్నారు.

నేడు ఈ గొంతు చరవాణిలోనికి వచ్చినది. ఆండ్రాయిడ్ ఫోనులోని ‘టాక్‌బ్యాక్’ను తెరచినచో వ్రేలు తాకిన ప్రతి అక్షరమును అది పలుకును. తెలుగు పలుకును, ఉర్దూ పలుకును. మూడు సంవత్సరముల క్రిందట మా తెలుగు తరగతిలో చూపులేని విద్యార్థి ఒకడు చేరినాడు. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు. తల్లికి ఉర్దూ చదువ వచ్చును గాని తెలుగు అక్షరము రాదు. తెలుగు పాఠములు చదివి వినిపించు అన్న పనికై గల్ఫునకు వెళ్ళినాడు. ఇంటిలో ఉన్న ఒక్క తెలుగు గొంతు అట్లు దూరమైనది. అతడు చదువు మానవలసినదే. అతనిని నిలిపినది చౌక రకపు ఫోను ఒకటి. తరగతి ముగిసిన పిదప చెట్టు క్రింద కూర్చుండి, ఒక చెవిలో తీగ పెట్టుకొని, ఎంత వేగముగా వినుచుండెననగా మాకు అందులో ఒక్క మాటయు పట్టుబడలేదు. “నెమ్మదిగా విన్నచో నిద్ర వచ్చును, సార్” అని నవ్వినాడు. ఆ యంత్రము పద్యమును వార్తాపత్రిక చదివినట్లు చదువును. దానికి యతి తెలియదు, ప్రాస తెలియదు. కాని ఎన్నిసార్లు వెనుకకు త్రిప్పినను విసుగుకొనదు. మా పాత మిత్రునికి దొరకని స్వేచ్ఛ ఈ విద్యార్థికి దొరికినది.

కాని ఆ స్వేచ్ఛకు మన వ్రాతయే అడ్డు నిలుచుచున్నది. మా అభిప్రాయమున ఈ వ్యాసమంతటిలోను ముఖ్యమైనది ఈ మాటయే. యంత్రము చదువవలెనన్నచో అక్షరము అక్షరముగా ఉండవలెను. ప్రపంచ భాషల అక్షరములకన్నిటికి ఒక్కొక్క స్థిరమైన సంఖ్యను కేటాయించు ‘యూనికోడ్’ పద్ధతిలో తెలుగునకు 1991లో వెలువడిన తొలి ప్రతినుండియే చోటున్నది. ఆ పద్ధతిలో టైపు చేసిన తెలుగును ఏ ఫోనైనను చదువును. కాని మన డి.టి.పి. కేంద్రములలో చిరకాలముగా వాడుకలో ఉన్న అను ఫాంటుల వంటివి వేరు. అవి ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ఆకృతులను అమర్చినవి. కంటికి తెలుగు; కంప్యూటరు దృష్టిలో మాత్రము అది ఆంగ్లాక్షరముల, చిహ్నముల గుంపు. తెలుగు వేషము వేసిన ఆంగ్లమన్నమాట. ఉర్దూలో పాత ఇన్‌పేజ్‌తో కూర్చిన ఫైళ్ళకును ఇట్టి దోషమే కలదు. ఇక పుస్తకమును ఫోటో తీసి పంపినచో అందులో అక్షరములే లేవు, బొమ్మ మాత్రమే ఉన్నది. బొమ్మనుండి అక్షరమును గుర్తించు సాధనములు తెలుగునకు ఉన్నవి గాని, మన ఒత్తులు, గుణింతములు, ఒకదానినొకటి పోలిన అక్షరములు వానిని తికమక పెట్టుచున్నవి.

ఆ విద్యార్థి ఒక కవిత చెప్పగా మిత్రుడు వ్రాసి మన వార్షిక సంచికకు ఇచ్చినాడు. అది అచ్చయినది. సంచిక అతని చేతికి వచ్చినప్పుడు తన పుట ఏదో అడిగి తెలుసుకొని, దానిపై చేయి వేసి చూచుకొన్నాడు. కాగితము నున్నగా ఉన్నది. తరువాత ఆ పుట తాలూకు ఫైలును సంపాదించి ఫోనులో పెట్టినాడు. ఫోను కొన్ని ఆంగ్లాక్షరములను, చుక్కలను, ప్రశ్నార్థకములను వరుసగా అప్పగించినది. తాను వ్రాసిన కవితను తాను చదువుకొనలేని కవి అతడు. ఆ క్షణమున అతని ముఖమున కోపము లేదు. “మిగిలిన వారివి ఎట్లున్నవి సార్?” అని అడిగినాడు. ఆ సంచికలో ముప్పదిమంది వ్రాసిన మాటలు అతనికి మూసి ఉన్నవి. కన్నులు లేకపోవుట అతని కొరత. అక్షరములను అట్లు కూర్చుట మనము తెచ్చిపెట్టిన కొరత. రెండవ దానిని మనము తొలగించగలము.

వినికిడి చదువు విషయమున తెలుగు ఉపన్యాసకులుగా మేము ఒక హెచ్చరికయు చేయవలసి ఉన్నది. చెవికి అక్షరదోషము తెలియదు. శ, ష, స లను మన నాలుకలే సరిగా వేరుచేయని కాలమిది. విని మాత్రమే నేర్చినవానికి ‘భాష’లో ఏ అక్షరమో, ‘శాఖ’లో ఒత్తు ఎక్కడో తెలియుట కష్టము. ఫోనులో అక్షరమక్షరముగా ముందుకు జరిపి వినవచ్చును గాని, అది నిదానమైన పని. వర్ణక్రమము వ్రేలికొనలలో నిలుచునది బ్రెయిలీ వలననే. ఫోను వచ్చినది గనుక బ్రెయిలీ అక్కరలేదనుట, రేడియో వచ్చినది గనుక పుస్తకము అక్కరలేదనుట వంటిది. ఫోనునకో కంప్యూటరునకో తగిలించి, చిన్న చిన్న మొనలు పైకి లేచి దిగుచు చుక్కలను వ్రేళ్ళకు అందించు బ్రెయిలీ తెరలు కూడ నేడు కలవు. చెవియు, వ్రేలును కలిసినప్పుడే చదువు పూర్ణమగును.

శాసనములు ఈ విషయమున మనకంటె ముందే నడచినవి. 2012లో మన కాపీరైటు చట్టమును సవరించి, ముద్రిత పుస్తకమును చదువలేనివారి కొరకు దానిని వేరు రూపములోనికి మార్చుటకు అనుమతి ఇచ్చినారు. 2013లో మొరాకోలోని మర్రకేష్ నగరమున ఇదే విషయమై అంతర్జాతీయ ఒప్పందము కుదిరినది. 2014లో దానిని అన్నిదేశములకంటె ముందు ధ్రువీకరించినది భారతదేశమే. 2016లో ‘సుగమ్య పుస్తకాలయ’ అను అంతర్జాల గ్రంథాలయము ప్రారంభమైనది. అదే సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువది యొక్క రకముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వ మరియు ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో అయిదు శాతమునకు తగ్గకుండ స్థానములు కేటాయించవలెనన్నది. పరీక్షలలో వ్రాయసగానిని ఇచ్చుట, గంటకు ఇరువది నిమిషములకు తగ్గకుండ అదనపు సమయమిచ్చుట 2018 నాటి కేంద్ర మార్గదర్శకములలో కలవు. సీటు ఇచ్చి పుస్తకమును మూసి ఉంచినచో, అతిథిని పిలిచి విస్తరి ముందు చేతులు కట్టివేసినట్లగును.

చదువదగిన రూపములో పాఠము దొరికినచో ఏమగునో మన తెలుగునాటనే చూచినాము. మచిలీపట్నము దగ్గరి సీతారామపురమునకు చెందిన శ్రీకాంత్ బొల్లాకు, అంధుడన్న కారణముచే పదవ తరగతి తరువాత సైన్సు చదువుట నిరాకరింపబడినది. ఆయన న్యాయస్థానమునకు వెళ్ళి అనుమతి సాధించినాడు. వినదగినట్లు ధ్వనిముద్రణ చేసిన పాఠములతో చదివి, అమెరికాలోని ప్రసిద్ధ విద్యాసంస్థ ఎం.ఐ.టి.లో పట్టము పొంది, 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమను స్థాపించినాడు. ఆ ధ్వనిముద్రణ లేనిచో ఆ న్యాయస్థానపు విజయము కాగితముపైననే ఉండిపోయెడిది.

కావున కళాశాల సంఘము వారికి మా విన్నపములు నాలుగు. మొదటిది, తరగతి నోట్సులు, ప్రకటనలు, ప్రశ్నపత్రములు ఇకమీదట యూనికోడులో తయారగుగాక. దీనికి అదనపు వ్యయము లేదు, అలవాటు మార్చుకొనుటయే. రెండవది, గ్రంథాలయమున ఒక కంప్యూటరుకు ఉచితమైన ఎన్.వి.డి.ఎ.ను అమర్చి, ఒక స్కానరును, చెవి తీగలను ఉంచుట. దానివలన చూపు మందగించినవారు అక్షరములను పెద్దవి చేసికొని చదువుకొందురు. అక్షరములు తారుమారుగా తోచు అభ్యసన ఇబ్బంది గలవారు విని నేర్చుకొందురు. చేతులతో పుస్తకము పట్టుకొనలేని వారికిని అది ఉపయోగపడును. మూడవది, అర్హులైన విద్యార్థులకు సుగమ్య పుస్తకాలయమున సభ్యత్వము ఇప్పించుట, నాలుగైదు బ్రెయిలీ పలకలు కొని ఉంచుట. నాలుగవది, ఈ వార్షిక సంచిక అచ్చు ప్రతితోపాటు, తెలుగు, ఉర్దూ విభాగములు రెండును యూనికోడు ఫైలుగా కూడ వెలువడుట. పాత ఫాంటులనుండి మార్చు సాధనములు కలవు. మార్పిడిలో దొర్లు తప్పులను దిద్దుటకు మా తెలుగు శాఖ సిద్ధముగా ఉన్నది.

విద్యార్థినీ విద్యార్థులారా, మీతో ఒక మాట. గత సంవత్సరము మీలో కొందరు విద్యార్థినులు సాయంత్రములందు గ్రంథాలయమున కూర్చుండి తెలుగు పాఠ్యభాగములను ఒక్కొక్కటిగా టైపు చేసినారు. ఒక గద్య పాఠమునకు రెండు సాయంత్రములు పట్టినది. ఒకసారి టైపు చేసిన పాఠము రాబోవు విద్యార్థులందరికిని పనికివచ్చును. ఒకరికి చదివి వినిపించిన గంట ఆ గంటతో ముగియును. టైపు చేసి ఉంచిన గంట సంవత్సరముల తరబడి చదివి వినిపించుచునే ఉండును. మన పెద్దలు బాటసారులకై బావులు త్రవ్వించినారు, చెట్లు నాటించినారు. వాని నీరు ఎవరు త్రాగుదురో వారికి తెలియదు. శుద్ధముగా టైపు చేసిన ఒక పాఠము నేటి కాలపు బావి వంటిది. ఫోను ప్రతి ఒక్కరి చేతిలోను ఉన్నది, తెలుగు మీటలు అందులోనే ఉన్నవి. రోజుకొక పుట చాలును.

మా విద్యార్థి ఈ సంవత్సరము చివరి పరీక్షలకు కూర్చుండును. పిదప ఎం.ఏ. తెలుగు చదువవలెనని అతని కోరిక. అక్కడ ప్రబంధములున్నవి, వ్యాకరణమున్నది, శాసనములున్నవి, వేల పుటలున్నవి. వానిలో ఎన్ని పుటలు అతని ఫోనునకు తెలుగుగా వినిపించునో, ఎన్ని మూగబోవునో, అది అతని తెలివిపై ఆధారపడి లేదు. ఆ పుటలను కూర్చు మన వ్రేళ్ళపై ఆధారపడి ఉన్నది.